తారలు తగ్గిన బరువు: ఏది నమ్మాలి, ఎంత నమ్మాలి?

ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

ఈ నెల తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. ఫలానా నటి ఇన్ని కిలోలు తగ్గిందట, ఫలానా నటుడు ఏదో ఇంజెక్షన్ వేసుకున్నాడట, మేమూ అలా చేయవచ్చా అని అడుగుతున్నారు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. నా వయసు 36. తిరుపతి గాంధీ రోడ్డులో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నాను. రెండో కాన్పు తర్వాత నా బరువు 79 కిలోలకు చేరింది. ఒక ప్రసిద్ధ కథానాయిక మాట్లాడుతున్న వీడియో ఫోన్లో చూశాను. రాత్రి పడుకునే ముందు నీళ్లలో పది చుక్కలు వేసుకుని తాగి, ఇరవై రోజుల్లో 15 కిలోలు తగ్గానని ఆమె తెలుగులోనే చెప్పింది. అదే వీడియోలో ఒక పెద్ద డాక్టరు కూడా ఆ చుక్కలు మంచివని చెప్పారు. డబ్బు కట్టి సీసా తెప్పించాను. పది రోజుల్లో 2 కిలోలు తగ్గాను కానీ గుండె దడగా ఉంటోంది, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మొదట్లో అలాగే ఉంటుందని, మూడు సీసాలు వాడితేనే ఫలితం నిలుస్తుందని అమ్మినవారు అంటున్నారు. వాడమంటారా?
– ఒక సోదరి, తిరుపతి

సమాధానం: అమ్మా, ఆ చుక్కలు ఈ రోజే ఆపేయండి. సీసాను మాత్రం పారవేయకండి. దాన్ని తీసుకుని రుయా ఆసుపత్రి ఓపీకి గాని, మీకు అలవాటైన వైద్యుని దగ్గరికి గాని వెళ్లి, ఎన్ని రోజులు ఎంత వాడారో చెప్పి, నాడి, రక్తపోటు, ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం వంటివి ఉంటే ఓపీ వేళ కోసం చూడకుండా అత్యవసర విభాగానికే వెళ్లాలి. మొదట్లో అలాగే ఉంటుందని చెప్పినవారు మిమ్మల్ని చూడలేదు, మీ నాడి పట్టుకోలేదు. వారి మాట మీద మీ గుండెను పణంగా పెట్టకండి.

ఆ సీసాలో ఏముందో పరీక్షించకుండా చెప్పలేము. అయితే మూలికల మందు అన్న పేరుతో అమ్మే బరువు తగ్గించే పొడుల్లో, మాత్రల్లో సిబుట్రమిన్ అనే రసాయనాన్ని రహస్యంగా కలిపినట్లు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనేకసార్లు పట్టుకుంది. ఒకప్పుడు వైద్యులే రాసిన మందు అది. ఆకలిని తగ్గిస్తుంది, దానితోపాటు గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతుంది. ఆ కారణంగానే 2010లో అమెరికా, ఐరోపా మార్కెట్ల నుంచి దాన్ని తొలగించారు, 2011లో మన దేశమూ నిషేధించింది. ఇలాంటి సరుకుల్లో థైరాయిడ్ హార్మోను, విరేచనాల మందు, మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిపిన సందర్భాలు కూడా బయటపడ్డాయి. నీరు పోయినా, పేగులు ఖాళీ అయినా కాటా మీద అంకె తగ్గుతుంది. కొవ్వు మాత్రం అలాగే ఉంటుంది. మీరు తగ్గిన 2 కిలోలలోనూ చాలా భాగం నీరే అయి ఉండవచ్చు.

ఇప్పుడు ఆ 15 కిలోల మాటను లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఈ లెక్క తెలిస్తే రేపు మరో వీడియో వచ్చినా మీరే తేల్చుకోగలరు. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కిలో క్యాలరీల శక్తి ఉంటుంది. 15 కిలోలు కరగాలంటే 1,15,500 కిలో క్యాలరీలు ఖర్చు కావాలి, అంటే ఇరవై రోజుల పాటు రోజుకు దాదాపు 5,800 చొప్పున. దుకాణంలో నిలబడి పనిచేసే మీ వయసు స్త్రీ శరీరం రోజంతా ఖర్చు చేసేది సుమారు 2,000 మాత్రమే. ఇరవై రోజులు పచ్చి గంగ మాత్రమే తాగి ఉన్నా కరిగే కొవ్వు సుమారు అయిదు కిలోలే. ఏ చుక్కలూ ఈ లెక్కను మార్చలేవు.

ఇక వీడియో సంగతి. మీరు చూసిన ముఖం ఆమెదే కావచ్చు, గొంతు కూడా ఆమెదిలాగే ఉండవచ్చు, కానీ ఆ మాటలు ఆమె పలికినవి కాకపోవచ్చు. కృత్రిమ మేధతో ఒకరి ముఖాన్ని, గొంతును అచ్చుగుద్దినట్లు తయారు చేయడం ఇప్పుడు పెద్ద కష్టమేమీ కాదు. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని వేరొకరి శరీరానికి అతికించిన వీడియో దేశమంతటా కలకలం రేపిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తమ పేరును, రూపాన్ని, గొంతును అనుమతి లేకుండా వాడుకోకుండా అడ్డుకోవాలని 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టును, చిరంజీవి హైదరాబాదు సిటీ సివిల్ కోర్టును ఆశ్రయించి ఉత్తర్వులు పొందారు. అమెరికాలో బరువు తగ్గించే తీపి బిళ్లలను ప్రసిద్ధ టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే పేరుతో అమ్ముతుంటే, వాటితో తనకు ఏ సంబంధమూ లేదని ఆమె స్వయంగా ప్రజలకు చెప్పుకోవలసి వచ్చింది. వీడియోలోని డాక్టరు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం, ఎందుకంటే పేరున్న వైద్యుల ముఖాలనూ ఇలాగే దొంగిలిస్తున్నారు.

డబ్బు పోయినందుకు ఇంట్లో ఏమంటారోనని మౌనంగా ఉండిపోకండి. మోసపోయినవారిలో ఎక్కువమంది ఇలా సిగ్గుపడి ఊరుకోవడం వల్లనే ఈ వ్యాపారం సాగుతోంది. సైబర్ నేరాలకు 1930, వినియోగదారుల ఫిర్యాదులకు 1915 నంబర్లు ఉన్నాయి. చెల్లింపు రసీదు, వారి సందేశాలు, సీసా ఫొటో దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. మందుతో స్థూలకాయాన్ని నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం నిషేధించింది. సీసా మీద ఆహార భద్రతా సంస్థ ముద్ర, 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నా, అవి తయారీదారు అనుమతి తీసుకున్నాడని మాత్రమే చెబుతాయి. బరువు తగ్గుతుందన్న హామీ వాటిలో లేదు.

మీ 79 కిలోల విషయానికి వస్తే, ఆరు నెలల్లో 4 నుంచి 8 కిలోలు తగ్గితే అది మంచి ఫలితం. కాన్పు తర్వాత థైరాయిడ్ మందగించడం స్త్రీలలో తరచుగా కనిపిస్తుంది కాబట్టి, ముందు ఆ పరీక్ష ఫలితం చూసి ఆ తర్వాత ఆహారం సంగతి మాట్లాడుకోవడం మేలు.

ప్రశ్న: నమస్తే సార్. నాకు 28 ఏళ్లు, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. షుగర్, బీపీ లేవు. మరో మూడు నెలల్లో పెళ్లి. సినిమావాళ్లంతా వారానికి ఒక ఇంజెక్షన్ వేసుకుని తగ్గుతున్నారని చదివాను. తెలిసిన మెడికల్ షాపు అతను చీటీ లేకుండానే ఇస్తానంటున్నాడు. మూడు నెలలు వాడి ఆపేస్తే ప్రమాదమా?
– ఒక యువకుడు, చిత్తూరు

సమాధానం: బాబూ, మీరు అడుగుతున్నది సెమాగ్లుటైడ్ లేదా టిర్జెపటైడ్ గురించి అయి ఉంటుంది. మనం తిన్నప్పుడు పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలై, కడుపు నిండిందని మెదడుకు తెలియజేస్తుంది, కడుపులోని ఆహారం నెమ్మదిగా కిందికి కదిలేలా చేస్తుంది. ఈ మందులు ఆ హార్మోనులా పనిచేస్తాయి. టిర్జెపటైడ్ దానితోపాటు మరో పేగు హార్మోను పనిని కూడా చేస్తుంది. సెమాగ్లుటైడ్‌ను అమెరికాలో 2017లో మధుమేహానికి ఓజెంపిక్ పేరుతో, 2021లో స్థూలకాయానికి వెగోవీ పేరుతో అనుమతించారు. మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో పేరుతో టిర్జెపటైడ్, జూన్‌లో వెగోవీ అమ్మకానికి వచ్చాయి.

ఇవి మోసపు మందులు కావు. 2021లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో 68 వారాల పాటు సెమాగ్లుటైడ్ వాడినవారు సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి సూది వేయించుకున్నవారు రెండున్నర శాతం లోపే తగ్గారు. స్థూలకాయంతో, మధుమేహంతో ఏళ్లుగా బాధపడుతున్నవారికి ఇది గొప్ప ఊరట, వైద్యుడిగా నేను దాన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. అయితే అదే పరిశోధనలో మందు ఆపినవారిని మరో సంవత్సరం గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. ఇది దీర్ఘకాలం వాడవలసిన మందు. పెళ్లి ఫొటోల కోసం మూడు నెలలు వాడేది కాదు. పైగా వాంతులు, విరేచనాలు భరించలేనంతగా రాకుండా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నెలనెలా పెంచుకుంటూ పోవాలి. వెగోవీ పూర్తి మోతాదుకు చేరడానికే దాదాపు నాలుగు నెలలు పడుతుంది. మీ ముహూర్తం అంతకంటే ముందే ఉంది.

మీ బాడీ మాస్ ఇండెక్స్, అంటే ఎత్తుకు బరువు ఎంత తగినట్లు ఉందో చూపే అంకె, సుమారు 26. మన దేశంలో ఈ మందులను 30 దాటినవారికి, లేదా 27 దాటి మధుమేహం, రక్తపోటు వంటి సమస్య కూడా ఉన్నవారికి రాస్తారు. భారతీయులలో 23 దాటినప్పటి నుంచే జాగ్రత్త అవసరమన్నది నిజమే కాబట్టి మీరు కొంత తగ్గడం మంచిదే, కానీ దానికి ఈ మందు అవసరం లేదు. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమం వాపు రావచ్చు. కుటుంబంలో ఒక రకమైన థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు వీటిని అసలు వాడకూడదు. వేగంగా తగ్గేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. చీటీ లేకుండా ఇచ్చేవారు వీటిలో ఏ ఒక్కటీ మిమ్మల్ని అడగరు. వాడకానికి ముందు ఈ ఇంజెక్షన్లను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. అది ఎక్కడి నుంచి వచ్చిందో, మధ్యలో ఎంతసేపు ఎండలో ఉందో మీకు తెలిసే వీలు లేదు. నకిలీ సెమాగ్లుటైడ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరిక జారీ చేసింది కూడా.

మూడు నెలల వ్యవధిలో రోజూ ముప్పావు గంట వేగంగా నడిచి, వారంలో మూడు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం చేసి, కూల్ డ్రింకులు, బేకరీ తిండి, రాత్రి పొద్దుపోయాక తినే బిర్యానీ మానేస్తే 4, 5 కిలోలు తగ్గడం సాధ్యమే. పెళ్లికూతురు వైపు వారు మిమ్మల్ని 74 కిలోలతోనే చూసి ఒప్పుకున్నారన్న సంగతి మరువకండి.

ప్రశ్న: మా ఇంట్లో రోజూ ఇదే వాదన. ఏ తార బరువు తగ్గినా మా పిల్లలు అది ఇంజెక్షనే అనో, ఆపరేషనే అనో తేల్చేస్తారు. కష్టపడి తగ్గినవారే లేరా? వారు చెప్పేది నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

సమాధానం: మాస్టారూ, ఫొటో చూసి ఎవరు ఎలా తగ్గారో చెప్పడం వైద్యులకు కూడా సాధ్యం కాదు. చెంపలు లోపలికి పోయాయి కాబట్టి ఇంజెక్షనే అని తీర్పు చెప్పే వీడియోలు ఊహలే తప్ప వైద్యం కాదు, ఎందుకంటే ఏ దారిన వేగంగా తగ్గినా ముఖంలోని కొవ్వు తగ్గుతుంది. కష్టపడి తగ్గినవారు లేకపోలేదు. గాయకుడు అద్నాన్ సమీ ఒకప్పుడు రెండు వందల కిలోలు దాటి ఉండేవారు. ఆహార నియమాలతోనే తగ్గానని, శస్త్రచికిత్స చేయించుకోలేదని ఆయన ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఆ మాటను కాదనడానికి మన దగ్గర ఆధారం లేదు.

మరోవైపు, చెప్పిన కథ తర్వాత మారిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికా గాయని కెల్లీ క్లార్క్‌సన్ 2024 ఆరంభంలో నడక, మాంసకృత్తుల ఆహారం గురించి చెప్పారు. అదే ఏడాది మే నెలలో, వైద్యుల సలహాతో ఒక మందు కూడా వాడుతున్నానని తన కార్యక్రమంలోనే వెల్లడించారు. ఓప్రా విన్‌ఫ్రే కథ ఇంకా పెద్దది. నెలల తరబడి ద్రవాహారం మీదే ఉండి తగ్గిన ఆమె, తాను తగ్గిన బరువుకు గుర్తుగా 1988లో 67 పౌండ్ల (సుమారు 30 కిలోల) జంతువుల కొవ్వును బండి మీద పెట్టి టెలివిజన్ వేదిక మీదికి లాక్కొచ్చారు. అది చూసి ఎంతోమంది ద్రవాహారం వైపు పరుగెత్తారు. ఆ బరువు ఆమెకు తిరిగి వచ్చింది. 2015లో బరువు తగ్గించే కార్యక్రమాలు నడిపే ఒక సంస్థలో ఆమె వాటా కొన్నారు. 2023 డిసెంబరులో తాను మందు వాడుతున్నానని ప్రకటించారు. తిండి మీద అదుపు లేదన్న నిందను దశాబ్దాల పాటు మోసిన ఒక స్త్రీ, స్థూలకాయం కూడా ఒక వ్యాధేనని, దానికి మందు వాడడంలో సిగ్గుపడవలసినది లేదని చెప్పడం నాకు గౌరవం కలిగించే విషయం. కానీ 1988లో ఆమెను చూసి పస్తులున్నవారికి ఆ మాట చాలా ఆలస్యంగా చేరింది.

నా అభిప్రాయం ఇది. తన శరీరానికి ఏ చికిత్స తీసుకున్నదీ బయటికి చెప్పకపోవడం ఎవరికైనా హక్కే, తారలకైనా సరే. కానీ తగ్గిన శరీరాన్ని చూపించి ఒక సరుకునో, ఒక సంస్థనో అమ్మడం మొదలుపెట్టిన క్షణం నుంచి ఆ మౌనానికి హక్కు ఉండదు. టెన్నిస్ క్రీడాకారిణి సెరెనా విలియమ్స్ 2025 ఆగస్టులో జీఎల్‌పీ-1 మందుతో తగ్గానని చెప్పినప్పుడు, ఆ మందును సమకూర్చే ఒక సంస్థకు ప్రచారకర్తగా ఆ మాట చెప్పారు. ఆమె భర్త ఆ సంస్థలో పెట్టుబడి పెట్టినవారు. ఇవి తెలియకుండా వింటే ఒక అనుభవంలా ఉంటుంది, తెలిసి వింటే ప్రకటన అని అర్థమవుతుంది. మన దేశంలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రచారం చేసేవారు అటువంటి సంబంధాన్ని తప్పక వెల్లడించాలి. తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కాబట్టి మీ పిల్లలకు ఇంజెక్షనా కాదా అన్న వాదన వద్దని చెప్పి, ఈ కథ చెప్పడం వల్ల ఎవరికి డబ్బు వస్తోంది అన్నది వెతకమనండి. ఆ ప్రశ్నకు చాలాసార్లు జవాబు దొరుకుతుంది.

ఆపరేషన్ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. కొవ్వును గొట్టంతో లాగివేసే లైపోసక్షన్ బరువు తగ్గించే చికిత్స కాదు. అది చర్మం కింది కొవ్వునే తీస్తుంది. మధుమేహానికి, గుండె జబ్బుకు దారి తీసే కడుపు లోపలి కొవ్వు అలాగే ఉంటుంది. మన తెలుగు నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో, 31 ఏళ్లకే అమెరికాలో కన్నుమూశారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె ఈ శస్త్రచికిత్స చేయించుకున్నారని అప్పట్లో వార్తలు వచ్చాయి. మరణానికి అదే కారణమని నేను అనడం లేదు. కానీ లావయ్యారన్న ఒక్క మాటను తెర మీద పనిచేసే స్త్రీలు ఎంత బరువుగా మోస్తారో ఆ వార్త చదివిన రోజున నాకు తెలిసింది.

ప్రశ్న: ఒక నటి అన్నం మానేసి రాగులే తిని తగ్గానని చెప్పింది. మేం చిన్నప్పటి నుంచి సంగటే తింటున్నాం. మరి మేమెందుకు తగ్గలేదు?
– ఒక గృహిణి, తిరుచానూరు

సమాధానం: రాగిపిండికీ బియ్యానికీ క్యాలరీలలో పెద్ద తేడా లేదమ్మా. నూరు గ్రాములకు రెండూ 320 నుంచి 360 మధ్యనే ఉంటాయి. రాగిలో సున్నం, పీచు ఎక్కువ, అది తినడానికి మంచి కారణమే. కానీ మన సంగటిలో సగం బియ్యమే ఉంటుంది, ముద్ద పెద్దది, పక్కన నూనె తేలే ఊరుబిండి. ముద్ద సైజు తగ్గించి, ఆకుకూర పప్పో, కాలంలో పితికిపప్పు కూరో ఎక్కువ వేసుకోండి. ఆ నటి తగ్గడానికి కారణం రాగులు కాదు, మొత్తం మీద తక్కువ తినడమే అయి ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి. లావు కాదు. ఒక నటి రోజూ ఏం తింటుందో చూపించే వీడియో చూసి, పొద్దున జీలకర్ర నీళ్లు, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి ఒక ఆపిల్‌తో సరిపెడుతోంది. రెండు నెలలుగా నెలసరి రాలేదు. తిట్టినా, బతిమాలినా వినడం లేదు.
– ఒక తల్లి, చిత్తూరు

సమాధానం: అమ్మా, ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీదే. ఈ వారంలోనే అమ్మాయిని వైద్యునికి చూపించండి. తిండి తగ్గించిన ఆడపిల్లకు నెలసరి ఆగిందంటే, శరీరం ఉన్న కాస్త శక్తిని గుండెకు, మెదడుకు దాచుకుని మిగిలిన పనులను ఆపుతోందని అర్థం. భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం ఆ వయసు అమ్మాయికి రోజుకు 2,400 కిలో క్యాలరీల వరకు అవసరం. మీరు రాసిన తిండిలో 200 కూడా ఉండవు. ఎముకలు గట్టిపడే వయసు ఇది. ఇప్పుడు కోల్పోయినది తర్వాత పూర్తిగా తిరిగి రాదు.

వైద్యుడు రక్తహీనత, పొటాషియం, నాడి వేగం, రక్తపోటు చూస్తారు. స్పృహ తప్పినా, నాడి బాగా నెమ్మదించినా ఆసుపత్రిలో చేర్చవలసి ఉంటుంది. ఇది పొగరో, మొండితనమో కాదు. తిండి అంటే భయం పుట్టించే మానసిక వ్యాధికి తొలి దశ కావచ్చు, ఆ వ్యాధి ప్రాణం తీయగలదు. అందువల్ల తిట్టడం ఆపండి. లావయ్యావు, సన్నబడ్డావు అన్న మాటలు ఇంట్లో ఎవరూ ఆమె ముందు అనవద్దు, చుట్టాలనూ అననివ్వవద్దు. ఆమెకు ఇష్టమైనది ఏదో ఒకటి చేసి, అందరూ కలిసి కూర్చుని తినండి. పళ్లెంలోకి తొంగి చూడకండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, మీరూ మాట్లాడవచ్చు, అమ్మాయీ మాట్లాడవచ్చు.

ఆ నటి ఆ వీడియోలో చూపించినదే రోజంతా తింటుందని ఏమీ లేదని మీ అమ్మాయికి నెమ్మదిగా చెప్పండి. అయితే అది రెండో పని. ముందు వైద్యుని దగ్గరికి వెళ్లండి, ఏం చెప్పారో నాకు మళ్లీ రాయండి.